తోలు మేలా, బట్ట మేలా? పాత స్పోర్ట్సు కార్ల ఆసనముల ముచ్చట

మెర్సిడెస్ బెంజి సంస్థ 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు నగరమున జరిగిన మోటారు ప్రదర్శనమునందు లోకమునకు చూపిన 300 ఎస్‌ఎల్ అను స్పోర్ట్సు కారును గూర్చి వినని మోటారు ప్రియులు అరుదు. తలుపులు ప్రక్కకుగాక పైకి లేచుటయు, పెట్రోలును సిలిండర్లలోనికి నేరుగా చిమ్ము యంత్రమును, సన్నని గొట్టములతో అల్లిన చట్రమును దానికి కీర్తి తెచ్చినవి. 1957 వఱకు 1,400 మాత్రమే తయారైన ఆ కప్పుగల కారు నేడు వేలమునకు వచ్చినచో కోట్ల రూపాయలు పలుకును. అట్టి కారులో కూర్చుండుటకు కార్ఖానావారు మామూలుగా అమర్చి యిచ్చినది తోలు గాదు, గళ్ళబట్ట. నీలపు గళ్ళు, ఆకుపచ్చ గళ్ళు, ఎఱుపును ఆకుపచ్చయు కలిసిన గళ్ళు అను మూఁడు తీరుల బట్టతో ఆ సీట్లు వచ్చెడివి. తోలే కావలెనన్నవారు దానిని ప్రత్యేకముగా కోరి, ప్రత్యేకముగా సొమ్ము చెల్లించి వేయించుకొనవలసి యుండెను.

తరువాతి దశాబ్దములలో ఆ బట్ట చిరిగి మాసిపోఁగా, విలువైన కారునకు విలువైన తోలే తగునని తలంచి, యజమానులనేకులు గళ్ళబట్టను పీకి పాఱవేసి ఎఱ్ఱతోలో, లేఁతగోధుమ రంగు తోలో తొడిగించిరి. ఇప్పుడు ఆ గళ్ళబట్టకొఱకే వెదకులాట మొదలైనది. మెర్సిడెస్ సంస్థయే తన పాతకార్ల విభాగము ద్వారా ఆ మూఁడు గళ్ళను ఇటీవలి సంవత్సరములలో మరల నేయించి అమ్మకమునకు పెట్టినది. ఒకనాడు చవుకయని చించివేసినదానిని మఱియొకనాడు గజముల లెక్కన కొని తెచ్చుకొనుటలో ఉన్న వింతను పాఠకులే గ్రహింపఁగలరు.

తోలనఁగా సంపద, బట్టయనఁగా పొదుపు అను లెక్క నేటి షోరూములు మనకు నేర్పినది. మోటారు యుగపు తొలినాళ్ళలో ఆ లెక్క తలక్రిందులుగా ఉండెడిది. ఆనాటి పెద్ద లిమసీను కార్లలో డ్రైవరు కూర్చుండు ముందుభాగము ఎండకును వానకును తెఱచి యుండెడిది గనుక, అతని సీటునకు తడిసినను తుడిచివేయఁదగిన తోలు వేయుచుండిరి. అద్దముల వెనుక, కప్పు క్రింద సుఖముగా ఒరిగి కూర్చుండు యజమానికి మేలైన ఉన్నిబట్టయో, మకమలో పఱచుచుండిరి. తోలు సేవకుని ఆసనము, బట్ట ప్రభువుగారి ఆసనము. కప్పులేని స్పోర్ట్సు కార్లు బయలుదేరిన పిమ్మట, అందులోను ఎప్పుడు చినుకు పడునో తెలియని ఇంగ్లండు దేశమున, తోలునకు మరల పని పడినది. కప్పుగల 300 ఎస్‌ఎల్‌కు ఆ భయము లేదు. పైఁగా వేగముగా మలుపు తిరుగునపుడు నున్నని తోలుమీఁద దేహము ప్రక్కకు జాఱును, గరుకైన ఉన్నిబట్ట పట్టి నిలుపును. కిటికీ అద్దములు క్రిందికి దిగని ఆ కారులో వేసవినాడు వెచ్చని తోలునకు వీపానించి కూర్చున్నవాని పాట్లు చెప్పనక్కఱలేదు. కార్ఖానావారు బట్ట వేసినది పొదుపు కొఱకే యనుకొనుట వారి తెలివిని తక్కువగా అంచనా వేయుటయే.

పాతకారును పునరుద్ధరించువానికి ఎదురగు మొదటి చిక్కు ఇదియే. యంత్రమునకు ఏ భాగము సరిపడునో యంత్రమే చెప్పును. సరిపడనిది బిగియదు, బిగిసినను నడువదు. సీటు అట్లు కాదు. దానిమీఁద ఏమి తొడిగినను ఊరకుండును. కావున అచ్చట మన అభిరుచి, మన డాబు, మన దర్జీ చేతివాటము అన్నియు స్వేచ్ఛగా ప్రవేశించును. కాలోచితమైన ఆచ్ఛాదన మనఁగా ఆ కారు ఏ సంవత్సరమున, ఏ కార్ఖానా నుండి, ఏ దేశపు విపణికై వెలువడినదో, ఆనాడు దాని సీటుపై ఏ వస్తువు, ఏ రంగు, ఏ కుట్టు ఉండెనో దానినే మరల నిలుపుట. మేలైనది వేయుట కాదు, ఉన్నది వేయుట. కార్ఖానావాఁడు పిసినారితనము చూపినచోట మనమును పిసినారితనమే చూపవలెను. ఈ మాట మింగుడుపడనివారు చాలమంది కలరు. వారి సీట్లు అందముగానే ఉండును గాని ఆ కారువి కావు.

దీనికి ఉదాహరణముగా ఒక్క కారునే తీసికొని నిదానముగా చూతము. ఆక్స్‌ఫర్డు నగరమునకు దక్షిణముగా, థేమ్సు నది యొడ్డున, ఆబింగ్డన్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి ఎం.జి. కార్ఖానా 1962లో ఎం.జి.బి. అను రెండు సీట్ల స్పోర్ట్సు కారును విడుదల చేసి 1980 వఱకు తయారుచేసినది. కప్పుగలవి, కప్పులేనివి కలిపి ఐదు లక్షలకు పైఁగా వెలువడిన ఈ కారు లక్షాధికారులది కాదు. మధ్యతరగతి యువకులు సొమ్ము కూడఁబెట్టి కొనుక్కొన్నది. బాహ్యరూపము పదునెనిమిదేండ్లును ఇంచుమించు ఒక్కటే యైనను, లోపలి సీట్లు మాత్రము ఆ కాలపు ఇంగ్లండు చరిత్రనంతటిని తమపై వ్రాయించుకొన్నవి.

తొలి సంవత్సరముల కార్లలో మనిషి దేహము తగులు ముఖభాగము నిజమైన తోలు. నిలువుచాళ్ళుగా మడతలు కుట్టి, అంచులవెంట వేఱురంగు పైపింగు వేసి, చూచుటకు దొరతనము ఉట్టిపడునట్లు చేసిరి. అయితే సీటు ప్రక్కలు, వీపు వెనుకభాగము తోలు కావు. అదే రంగులో, అదే నెరసుతో, అనఁగా తోలు పైతట్టున కనఁబడు సన్నని గీఁతల తీరుతో, అచ్చుగ్రుద్దిన కృత్రిమచర్మము, మన సైకిలు రిక్షాల మెత్తలకు తొడిగెడి రెగ్జిను జాతికి చెందినది. కంటికి కానరానిచోట, ఒంటికి తగులనిచోట తోలెందులకని కార్ఖానావారు లెక్క వేసిరి. 1968లో ఎం.జి. మాతృసంస్థ బ్రిటిష్ లేలాండు అను మహాసంస్థలో కలిసిపోయిన పిమ్మట లెక్కలు మఱింత బిగిసినవి; 1970వ సంవత్సరపు నమూనాలనుండి ముఖభాగమునందలి తోలును పోయి సీటంతయు వినైల్ అయినది. మఱి కొన్నాళ్ళకు స్వదేశపు విపణికై నూగుతేలిన నైలాన్ బట్ట వచ్చినది. 1977వ సంవత్సరపు నమూనాలకు, సముద్రతీరమున వేసికొను మడతకుర్చీల బట్టవలె నారింజయు గోధుమయు కలిసిన చారలో, వెండియు బూడిదయు కలిసిన చారలో గల బట్ట వేసిరి. అభిరుచిగలవారు ఆనాఁడే దానిని చూచి ముఖము త్రిప్పుకొనిరందురు. నాకును ఆ చారలు నచ్చవు. కాని 1978లో పుట్టిన ఆంగ్లదేశపు ఎం.జి.బి.కి ఆ చారలే జన్మహక్కు. దానికి 1963 నాటి ఎఱ్ఱతోలు తొడిగించుట మనుమనికి తాతగారి పేరుతో పెండ్లిపత్రిక అచ్చువేయించుట వంటిది.

ఇందులో మఱియొక మెలిక కలదు. ఈ కార్లలో పెద్దభాగము అమెరికాకు ఎగుమతి యైనవి. ఇంగ్లండులో బట్ట వేసిన సంవత్సరములలోను అమెరికాకు పోయిన కార్లకు వినైలే వేసిరి. అట్లు పోయిన కార్లు ఎన్నియో, తుప్పు తక్కువగా పట్టు పొడిప్రాంతములనుండి, ఇటీవలి దశాబ్దములలో మరల ఇంగ్లండునకు తిరిగి వచ్చినవి. వానిని కొన్నవారు సంవత్సరము చూచుకొని చారలబట్ట తొడిగింతురు. సంవత్సరము సరిపోయినది, దేశము తప్పినది. కావున సీటుబట్ట ఎన్నుకొనుటకు ముందు కారు ఏనాఁడు పుట్టినదో మాత్రమేగాక ఎచ్చటికి పంపఁబడినదో గూడ తెలియవలెను.

అది తెలిసికొనుటకు మార్గము లేకపోలేదు. ఇంగ్లండులోని గేడన్ గ్రామమునఁగల బ్రిటిష్ మోటారు మ్యూజియమువారు ఎం.జి. మొదలైన సంస్థల పాతదినచర్యా పుస్తకములను భద్రపఱచియున్నారు. చాసిస్ సంఖ్య తెలిపి రుసుము చెల్లించినవారికి, ఆ కారు తయారైన తేది, పైరంగు, లోపలి తొడుగు రంగు, పంపిన దేశము వ్రాసి ధ్రువపత్రమిత్తురు. జాగ్వారు, పోర్షె మొదలైనవారికిని ఇట్టి ఏర్పాట్లు కలవు. ఆనాఁటి విడిభాగముల పట్టికలు మిగుల ఉపకరించును. అమ్మకపు కరపత్రములను మాత్రము కొంచెము అనుమానముతో చూడవలెను. కరపత్రములోని బొమ్మలు తఱచుగా ఉత్పత్తి మొదలు కాకమునుపే, నమూనాకారును నిలిపి తీయించినవి. వానిలోని సీటు మార్కెట్టులోనికి వచ్చిన సీటు కాకపోవచ్చును. ధ్రువపత్రమునందు 'నలుపు' అని యుండుటచేత తోలు నలుపో, పైపింగు నలుపో గూడ ఒక్కొక్కప్పుడు తేలదు. అప్పుడు అడుగవలసినది పాతసీటునే.

పాతసీటును విప్పుట ఒక విద్య. తొందరపడు దుకాణదారుఁడు కత్తితో ఒక్క గీఁత గీసి చర్మమును ఊడదీయును. తెలిసినవాఁడు సీటును తలక్రిందులుగా బల్లపై పెట్టి, చట్రమునకు తొడుగును పట్టియుంచిన ఇనుపరింగులను పటకారుతో ఒక్కటొక్కటిగా విఱుచును. తొడుగు అంచు వెనుకకు మడిచిన అరయంగుళపు పట్టీలో అసలు రంగు దాగియుండును. ఏఁబదియేండ్ల ఎండకు పైభాగము ఇటుకరంగునకు తిరిగి యుండఁగా, ఆ మడతలో మాత్రము కార్ఖానా విడిచిన దినమున ఉన్న ముదురెఱుపు చెక్కుచెదరక కనఁబడును. పైపింగు కుట్టు విప్పిన లోపలితట్టునను, సీటునకు సీటు ఆనుకొన్న ఇఱుకునను ఇట్లే యుండును. కొత్తతోలు రంగును సరిపోల్చవలసినది ఈ పట్టీతోనే గాని వెలిసిన పైభాగముతో కాదు. సరిపోల్చుటయు దీపపు వెలుతురులో మాత్రమేగాక పగటివెలుతురులోను చేయవలెను, ఏలయనఁగా ఒక వెలుతురులో కవలలవలె కానవచ్చు రెండు రంగులు వేఱొక వెలుతురులో వేఱువేఱుగా తేలుట కలదు.

రంగు తేలిన పిమ్మట చాళ్ళు లెక్కింపవలెను: మడతకును మడతకును నడుమ ఎడమెంత, చాళ్ళు ఎన్ని, అవి అంచువఱకు పోయినవా, మధ్యలోనే ఆఁగినవా. పైపింగు లోపలి త్రాడు ఎంత లావు, అంగుళమునకు కుట్లు ఎన్ని, దారము నూలుదా, నైలానుదా. ప్రతిముక్కను వెనుకకు త్రిప్పి చూడవలెను: పీచుపీచుగా లేచినచో తోలు, నేఁతగుడ్డ కనఁబడినచో పాతకాలపు కృత్రిమచర్మము, బనీనువలె అల్లికగుడ్డ కనఁబడినచో తరువాతికాలపు వినైల్. చెక్కపట్టీలుగల చట్రములలో మేకురంధ్రములు రెండువరుసలుగా ఉన్నచో ఆ సీటును ఇదివఱకే ఎవరో ఒకసారి మార్చి కుట్టించినారని అర్థము. అప్పుడు ఆ తొడుగు చెప్పు సాక్ష్యమునంతయు మరల తూచి చూచుకొనవలసినదే. కుట్లు విప్పిన ముక్కలన్నిటికి అంకెలు వేసి, ఫొటోలు తీసి, సంచిలో కట్టి దాఁచినవాని పని సగము తీఱినట్లే.

ఇంక తోలు సంగతి. ఇరువదవ శతాబ్దమున ఇంగ్లండు కార్ల తోలనఁగా చాలవఱకు కానలీవారి తోలే. 1878లో లండనులో స్థాపింపఁబడి, వింబుల్డను ప్రాంతమున పని నడపిన కానలీ సోదరుల సంస్థ రోల్స్‌రాయిస్, జాగ్వారు, ఆస్టన్ మార్టిన్ మొదలుకొని ఇటలీదేశపు ఫెరారీ వఱకు తోలు సరఫరా చేసినది. ముండ్లకంచెల గీఁతలును, పురుగుకాట్ల మచ్చలును తక్కువగానుండు శీతలదేశముల పశుచర్మములను ఏరికోరి తెప్పించుట ఈ వర్తకమున మర్యాద. ఆ సంస్థ చర్మశాల 2002లో మూఁతపడినది. కావున కానలీ పాతతోలు కావలెనన్నవానికి నేఁడు దుకాణమున దొరకదు. దానిని పోలిన తోలును ఇతర చర్మకారులయొద్ద వెదకవలసినదే.

పోలుట యనునది ఇచ్చట రంగుతో ముగియదు. పాతతోలునకు పైరంగును సెల్యులోజ్ లక్కతో చల్లెడివారు. ఆ పొర పలుచన, మెఱుగు తక్కువ, నెరసు సన్నము. ఏండ్లు గడచినకొలఁది అది సన్నని బీటలు వాఱి, చూచువారికి ఒక విధమైన వార్ధక్యశోభను కలిగించును. నేఁటి కార్లతోలు క్రోమియము లవణములతో ఊనినది, మెత్తనిది, పైని ప్లాస్టిక్కు పూఁత దట్టముగా గలది, గులకఱాళ్ళవంటి పెద్దనెరసు అచ్చువేసినది. నేఁటి సోఫాకు తగిన ఆ తోలును 1961 నాటి కారునకు వేసినచో, తెలియనివాఁడు మెచ్చుకొనును, తెలిసినవాఁడు తలుపు తెఱచిన మఱుక్షణమే మూసివేయును. ఆ యేఁటి మార్చిలో జెనీవా ప్రదర్శనమున వెలసిన జాగ్వారు ఇ-టైపు కారునే చూడుఁడు. రెండువేల పౌండ్లకు కొంచెము పైఁగా ధర పెట్టి, అంతకు రెండింతలు ధరగల కార్లతో పందెమాడఁగల వేగమిచ్చిన ఆ కారులో తొలిసీట్లు పలుచనివి, చిన్నవి, పొడుగుపాటి మనుష్యునకు వీపు నొప్పించునవి. ఆ ఫిర్యాదులు విని జాగ్వారువారు 1964 శరత్కాలమున 4.2 లీటరుల యంత్రముతోపాటు మేలైన సీట్లను గూడ ప్రవేశపెట్టిరి. 1962 నాటి కారును బాగుచేయించువారు ఈ రెండవరకపు మెత్తదనమునకు ఆశపడి వానినే వేయించుకొనుట కలదు. వీపునకు హాయి, కారునకు అబద్ధము.

కృత్రిమచర్మమును చిన్నచూపు చూచుట మనకు అలవాటు గనుక దానిపక్షమున ఒకటిరెండు మాటలు చెప్పవలెను. మాంచెస్టరునకు చేరువనున్న హైడ్ పట్టణమున తయారైన పాతరెగ్జిను, నూలుగుడ్డపై సెల్యులోజ్ నైట్రేటు పూసి తోలునెరసు అచ్చుగ్రుద్దినది. రెండవ ప్రపంచయుద్ధము తరువాత దాని స్థానమును పి.వి.సి. పూఁతగల వినైల్ ఆక్రమించినది. అమెరికావారు దానిని చవుకసరుకుగా కాక, అణుయుగపు వింతసరుకుగా ఆదరించిరి: నీళ్ళు పోసి కడుగవచ్చును, రంగు ఊడదు, చెమట పీల్చదు. షెవ్రొలే సంస్థ 1953లో మిచిగన్ రాష్ట్రపు ఫ్లింటు నగరమున తయారుచేసిన మొదటి 300 కార్వెట్ స్పోర్ట్సు కార్లు అన్నియు పైని తెలుపు, లోపల ఎఱుపు. ఆ ఎఱుపు వినైలే. పదేండ్లపాటు కార్వెట్ కొన్నవారికి తోలు దొరకనే లేదు. 1963 నమూనాలో మొట్టమొదటిసారి, జీనుతోలు రంగు ఒక్కదానిలో మాత్రమే, అదనపు ధరకు ఇచ్చిరి. కావున 1957 నాటి కార్వెట్‌లో నిజమైన తోలు వేయించి పోటీకి తెచ్చినవానికి, ఖర్చెక్కువ పెట్టినందులకు ప్రతిఫలముగా మార్కులు తఱుగును.

వినైల్‌లోను చిక్కులున్నవి. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క నెరసు. పోర్షె వారు బుట్టయల్లిక వంటి నెరసును సీటు మధ్యభాగమున వాడిరి, ఇతరులు మేఁకతోలు నెరసు, పందితోలు నెరసు వాడిరి. 1960-70 దశకముల సీట్లు అనేకములలో నిలువుచాళ్ళు కుట్టినవి కావు. విద్యుత్తాపముతో రెండుపొరలను అదిమి అతికించినవి. అతుకుపై అలంకారమునకై కుట్టువంటి గీఁతలు గూడ అచ్చువేసిరి. దర్జీ దానిని చూచి కుట్టేయని భ్రమసి సూదిదారముతో కుట్టును. కుట్టురంధ్రముల వెంట వాననీరు లోపలి మెత్తలోనికి దిగుట ఒకటి, రూపము చెడుట ఒకటి. అతుకుపని చేయు యంత్రములు గలవారు కొలఁదిమందియే గాని, అట్టివారిని వెదకుటయే మంచిది.

బట్టల విషయమున పోర్షె చరిత్రకు సాటి లేదు. 1963లో ఫ్రాంక్‌ఫర్టున తొలిసారి కనఁబడిన 911 కారు సీట్లలో ఆ దశకపు నడుమనుండి పెపితా అను తెలుపునలుపుల చిఱుగళ్ళబట్ట ప్రవేశించినది. 1970ల నడుమ స్కాట్లండు దేశపు వంశచిహ్నములైన టార్టన్ గళ్ళు వచ్చినవి. 1974లో ఫెర్డినాండు పోర్షె కూఁతురు లూయిసె పీయెక్‌కు డెబ్బదవ పుట్టినరోజు కానుకగా ఇచ్చిన మొట్టమొదటి 911 టర్బో సీట్లకు ఎఱ్ఱతోలునడుమ ఆ టార్టనే పొదిగిరి. 1977లో 928 కారుతో వచ్చిన పాషా బట్ట మఱియు విడ్డూరము: పందెపు ముగింపున ఊపు గళ్ళజెండా గాలికి ముడుతలు పడినట్లు, గళ్ళు చిన్నవై పెద్దవై అలలుగా సాగు మకమలు. చాలసేపు చూచినచో కన్ను తిరుగును. ఎనుబదులలో దీనిని మోటుయని తీసివేసినవారు ఎందఱో. ఇప్పుడు పోర్షె సంస్థ పాతకార్ల విభాగమే ఇట్టి బట్టలను మరల అందించుచున్నది. బయట దొరకు పోలికబట్టలలో గడి పరిమాణము ఒకింత పెద్దదో చిన్నదో అయియుండును. సీటుపై పఱచిన వెంటనే అది బయటపడును. గజము బట్ట కొనుటకు ముందు, పాతముక్కపై కొత్తముక్కను పఱచి పది గళ్ళు వరుసగా లెక్కించి కొలిచినచో మోసము తెలియును. గళ్ళబట్ట కుట్టుటలో మఱియొక నేర్పు, సీటులో గడి వీఁపుమీఁదనుండి కూర్చుండు భాగమునకు తెగక దిగునట్లు కత్తిరించుట. దీనికి బట్ట వృథా యగును. వృథా చేయుటకు ఒప్పుకొనని దర్జీకి గళ్ళబట్ట ఇయ్యరాదు.

తొడుగెంత సరియైనదైనను లోపలి మెత్త తప్పినచో సీటు తప్పినదే. జర్మనీ సీట్లలో గుఱ్ఱపు వెండ్రుకలను, కొబ్బరిపీచును రబ్బరుపాలతో తడిపి అచ్చుపోసిన దిమ్మెలుండెడివి. ఇంగ్లండు సీట్లలో రబ్బరుపట్టీలపై, డన్‌లప్ సంస్థ 1929లో రబ్బరుపాలను నురుగుగా చిలికి గట్టిపఱచి కనిపెట్టిన లేటెక్సు ఫోము ఉండెడిది. ఈ ఫోము ఏండ్లకు పొడియై, చట్రము క్రింద పసుపుపచ్చని గుండగా రాలును. దీనికి బదులు నేఁటి పరుపుల దుకాణమున దొరకు గట్టిఫోమును నింపినచో తొడుగు బిగిసి, నిలువుచాళ్ళు చదునై, సీటు మధ్యభాగము ఉబ్బి కూర్చుండును. పాతఫొటోలలోని సీట్లు కొంచెము సడలియే యుండును. ఇస్తిరీచేసినట్లు ముడుత లేకుండ బిగిసిన సీటు పాతకారులో పరాయిదానివలెనే కానవచ్చును.

ఇంతయు కొత్తతొడుగు వేయవలసివచ్చినపుడు. అసలు వేయవలెనా యన్నది వేఱుప్రశ్న. నా మట్టునకు ఇదియే మొదట అడుగవలసిన ప్రశ్న. 1966లో ఏర్పడిన పాతవాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2012లో టురిన్ నగరము పేరుతో ఒక ప్రమాణపత్రమును రూపొందించినది. 1964లో ప్రాచీనకట్టడముల రక్షణకై వెనిసులో వ్రాసిన పత్రమే దానికి ఒరవడి. ఉన్న అసలువస్తువును వీలైనంతవఱకు కాపాడుట ముందు, మార్చుట తరువాత యని దాని సారాంశము. ప్రసిద్ధములైన పాతకార్ల ప్రదర్శనములలోను, ఎన్నఁడును విప్పని సీట్లతో, వెలిసిన రంగుతో వచ్చిన కార్లకు ప్రత్యేకతరగతులు ఏర్పడినవి. బీటలువాఱిన తోలును శుభ్రపఱచి, నూనె పట్టించి, చినిఁగినచోట వెనుకనుండి గుడ్డ అతికి, రంగుపోయినచోట మాత్రము రంగు తాకించి మఱి ఇరువదియేండ్లు నడుపవచ్చును. అట్టితోలు ఒకమాఱు ఊడదీసిన పిమ్మట ఎంత సొమ్ము పోసినను తిరిగి రాదు. కుట్లు కుళ్ళి, తోలు అట్టముక్కవలె విఱుగుచున్నప్పుడు మాత్రమే కొత్తదాని మాట ఎత్తవలెను.

అందఱును ప్రదర్శనములకే కార్లు దిద్దరు. కుటుంబముతో ఆదివారమునాడు షికారు పోవుటకు దిద్దువారే ఎక్కువ. వారికి ఇంత పట్టింపు అక్కఱలేదందురు కొందఱు. సౌకర్యము కొఱకు సీటుమెత్తలో నేఁటి ఫోము పలుచగా కలుపుకొనుట, కనఁబడని దారమును నూలునుండి పాలిస్టరునకు మార్చుట తప్పుగా నేనెంచను; అవి కంటికి కానరావు, కావలసినపుడు వెనుకకు త్రిప్పుకొనవచ్చును. కాని తోలు లేనిచోట తోలు, గళ్ళున్నచోట సాదా, ఎఱుపున్నచోట గోధుమ వేయించుటకు సౌకర్యము సాకు కాదు. రంగు నచ్చనివారు ఆ రంగు గల వేఱొక కారును కొనుక్కొనవచ్చును, ఎం.జి.బి.లు ఐదులక్షలు తయారైనవి.

మన పాఠకులలో ఎవరి యింటనైన తండ్రిగారి కాలపు ఫియట్టో, అంబాసిడరో షెడ్డులో నిలిచియున్నచో ఈ పద్ధతి దానికిని వర్తించును. కుషను దుకాణమునకు సీటు పంపుటకు ముందు తొడుగు అంచులు తిరగవేసి చూడుఁడు. అసలురంగు ముక్క ఒకటి కత్తిరించి కవరులో పెట్టి, పైని కారు నంబరును, సంవత్సరమును వ్రాసి దాఁచుఁడు. పాతతొడుగును దుకాణదారునికి విడిచిపెట్టవలదు. కుట్టుకూలి చెల్లించునపుడే దానిని అడిగి వెనుకకు తెచ్చుకొనుఁడు.